128 జీబీయా, 256 జీబీయా: ఒక హల్వా పందెం డైరీ

శుక్రవారం, రాత్రి 10

షట్టరు సగం దించాక బావ వచ్చాడు. విజయనగరం గంటస్తంభం దగ్గర నాది చిన్న మొబైల్ షాపు. అమ్మకాలు కొంచెం, రిపేర్లు ఎక్కువ. బావది కోట వైపు ఫోటో స్టూడియో. దసరా ఆఫర్లలో ఇద్దరం ఒకే రోజు ఒకే మోడలు ఫోను కొన్నాం, రంగు కూడా ఒకటే. నాది 128 జీబీ, ఆయనది 256.

రెండిటినీ కౌంటరు మీద పక్కపక్కన పెట్టి కెమెరా తెరిచాడు. "సూసినావా బామ్మర్దీ, నాది ఓ రవ్వ ముందే తెరుచుకుంటంది. డబ్బులు ఎక్కువెట్టింది ఊరికే పోద్దేటి?"

"జాగా తప్ప ఇంకేం తేడా లేదు బావా. ప్రాసెసరు ఒకటే, ర్యామ్ ఒకటే" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. ఈ మాట రోజుకి పదిమందికి చెబుతాను. నేనెప్పుడూ కొలిచింది లేదు. నేను పని నేర్చుకున్న షాపులో అలాగే చెప్పేవారు, నేనూ చెప్పుకుపోతున్నాను.

పందెం కిలో మాడుగుల హల్వా. స్పీడులో తేడా ఉందనీ అది రోజువారీ వాడకంలో తెలుస్తుందనీ బావ. తెలీదని నేను. తీర్పరి అక్క. ఆవిడ మొదట్లోనే మెలిక పెట్టింది: "గడియారం పెడితే తెలిసేది నాకొద్దు, చేతికి తెలియాలి." మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండగ లోపు తేలాలని గడువు. అంటే ఈ మంగళవారం కాదు, వచ్చే మంగళవారం.

మూడో ఫోను అమ్మది. నాలుగేళ్ల కిందటి 64 జీబీ ఫోను. పందెంలో దానికి చోటు లేదు గానీ, "ఎలాగూ పరీక్షలంటున్నావు కదా నాయినా, ఇదెందుకలగ మొరాయిస్తందో సూడు" అని అమ్మ చేతిలో పెట్టేసింది.

ఆదివారం

మొదటి పరీక్ష బావ కోరిక ప్రకారం. ఆయన ల్యాప్‌టాప్‌లోని 4 జీబీ పెళ్లి వీడియోని కేబులుతో రెండు ఫోన్లలోకీ ఎక్కించాం. ఫోన్లలో ఉన్న యాప్‌లు ఒకటే, అప్‌డేట్లు ఒకటే, రెండూ ఏరోప్లేన్ మోడులో. ఐదేసి సార్లు ఎక్కించి నడిమి లెక్క తీసుకున్నాం.

నాది 1 నిమిషం 51 సెకన్లు. ఆయనది 1 నిమిషం 50.

బావ మొహం చిన్నబోయింది. నేను హల్వా డబ్బా సైజు గురించి మాట్లాడ్డం మొదలెట్టాను. రాత్రి పడుకున్నాక ఆ లెక్క బుర్రలో తిరగడం మొదలైంది. 4 జీబీకి 110 సెకన్లంటే సెకనుకు 37 ఎంబీ. ఈ కాలం ఫోను స్టోరేజి ఇంత నెమ్మదిగా రాయదు. లేచి లైటేసి స్పెక్ షీటు చూశాను. ఛార్జింగ్ పోర్టు టైప్‌సీ ఆకారంలోనే ఉంది గానీ లోపల నడిచేది యూఎస్‌బీ 2.0. దాని గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే కాగితం మీద 60 ఎంబీ. వాస్తవంలో చేతికొచ్చేది 35 నుంచి 40. మేం కొలిచింది కేబులు దారిని. ఫోన్లు రెండూ ఆ దారి చివర చేతులు కట్టుకుని కూర్చున్నాయి.

ఆదివారం అంతా వృథా. బావకి చెప్పాలా వద్దా అని ఒక నిమిషం ఆలోచించిన మాట నిజం. చెప్పాను.

సోమవారం

ఈరోజు కొలతలేం లేవు. ముందు లోపల ఏ సరుకుందో తెలుసుకోవాలి కదా.

ఫోనుని డెవలపర్ మోడులో పెట్టి, ల్యాప్‌టాప్‌లో ఏడీబీ (కంప్యూటరు నుంచి ఫోనుకి కమాండ్లు పంపే సాధనం) తెరిచి, మౌంట్ అని కొడితే పొడుగాటి చిట్టా వస్తుంది. అందులో పార్టిషన్ల పేర్లు ‘ఎంఎంసీబీఎల్‌కే’ అని మొదలైతే అది ఈఎంఎంసీ, పాత రకం స్టోరేజి చిప్పు. ‘ఎస్‌డీఏ’ అని మొదలైతే యూఎఫ్‌ఎస్, కొత్త రకం. మా రెండు ఫోన్లలోనూ ఎస్‌డీఏ వచ్చింది. అమ్మ ఫోనులో ఎంఎంసీబీఎల్‌కే.

రెండిటికీ తేడా పెద్దదే. ఈఎంఎంసీ 5.1కి దారి ఒక్కటే. చదువుతున్నంతసేపు రాయలేదు, రాస్తున్నంతసేపు చదవలేదు. ఆ దారి మొత్తం వేగం సెకనుకు 400 ఎంబీ. యూఎఫ్‌ఎస్‌లో రాకకీ పోకకీ వేరు దారులు, రెండూ ఒకేసారి నడుస్తాయి. మా ఫోన్లలో ఉన్న యూఎఫ్‌ఎస్ 2.2కి ఒక్కో వైపు సెకనుకు సుమారు 1,200 ఎంబీ దాకా వీలుంది.

రిపేరు కుర్రాళ్లు చాలామంది చిప్పు కింద ఉండే టంకం చుక్కల్ని, అంటే బాల్స్‌ని, లెక్కపెట్టి 153 ఉంటే ఈఎంఎంసీ అనేస్తారు. యూఎఫ్‌ఎస్ కూడా 153 బాల్స్‌తో వస్తుంది. పాత బోర్డు ఒకటి మైక్రోస్కోప్ కింద పెట్టి మా కుర్రాడికి చూపించాను. మైనం రంగు జిగురు గీకి, మచ్చలా ఉన్న పైపూత తుడిస్తే సన్నటి తెల్ల అక్షరాలు బయటపడ్డాయి. ఆ నంబరు చదివితేనే నిజం తెలిసేది. అది ఈఎంఎంసీయే అయింది లెండి, వాడు నవ్వాడు.

ఒకే మోడలు కదా, లోపల సరుకు కూడా ఒకటే అనుకోవడానికి లేదు. ఈ సంగతి నాకు తెలిసి కూడా కౌంటర్లో మరిచిపోతుంటాను. 2016లో ఐఫోన్ 7 వచ్చినప్పుడు బయటికొచ్చిన పరీక్షల్లో 32 జీబీ ఫోను సెకనుకు సుమారు 42 ఎంబీ రాస్తే, 128 జీబీది సుమారు 341 రాసింది. అంటే 8 రెట్లు. మరుసటేడు హువావే పీ10 ఫోన్లలో కొన్నిటికి యూఎఫ్‌ఎస్ పెట్టి, కొన్నిటికి ఈఎంఎంసీ పెట్టారని గొడవైంది. అక్కడ జీబీలతో పని లేదు, ఎవరి డబ్బాలో ఏది పడితే అది. పోకో ఎం3లో 64 జీబీకి యూఎఫ్‌ఎస్ 2.1, 128కి 2.2. 2023 శాంసంగ్ గెలాక్సీ ఎస్23లో 128 జీబీకి యూఎఫ్‌ఎస్ 3.1, 256కి 4.0. అదే ఏడు వన్‌ప్లస్ 11లోనూ ఇదే కథ. ఆ ఫోన్లు కొన్నవాళ్లెవరైనా నా కౌంటరుకొచ్చి అడిగి ఉంటే ‘జాగాలోనే తేడా’ అని చెప్పి ఉండేవాణ్ణి.

మా మోడలుకి మాత్రం రెండిట్లోనూ 2.2 అనే స్పెక్ షీటు చెబుతోంది. కాబట్టి తేడా ఉంటే అది జీబీల వల్లనే రావాలి. పోటీ న్యాయంగానే ఉంది.

బుధవారం, అర్ధరాత్రి దాటింది

ఇవాళ చాలా జరిగింది, వరసగా రాస్తాను.

కేబులు బెడద లేకుండా ఫోను లోపలే రాయించి కొలవాలి. డీడీ అనే చిన్న కమాండుతో 1 జీబీ సున్నాల ఫైలు రాయించాను. నా 128 జీబీ ఫోను సెకనుకు 1,400 ఎంబీ అంది. దారి గరిష్ఠమే 1,200 అయితే 1,400 ఎలా వస్తుంది? ఫోను ఆ ఫైలుని ముందు ర్యామ్‌లో పడేసి ‘రాసేశాను’ అని చెప్పేస్తోంది. బియ్యం బస్తా గుమ్మంలో దింపి, లోపల పెట్టేశానన్నట్టు. చివర్లో ఎఫ్‌సింక్ అని జోడిస్తే నిజంగా చిప్పులోకి వెళ్లేదాకా ఆగుతుంది. అప్పుడు 470కి దిగింది. బావది 505. నాకు పెద్ద తేడాగా కనిపించలేదు.

ఈ హుషారులో ఒక తప్పు చేశాను. పరీక్ష ఫైళ్లకి ‘టెస్ట్1’, ‘టెస్ట్2’ అని పేర్లు పెట్టి, అన్నిటినీ ఒకేసారి తీసేద్దామని టెస్ట్ పక్కన నక్షత్రం గుర్తు (*) పెట్టి, అంటే టెస్ట్‌తో మొదలయ్యేవన్నీ అని, డిలీట్ కొట్టాను. బావ ఫోనులో ‘టెస్ట్ షూట్’ అని ఒక ఫోల్డరు ఉంది. ప్రీవెడ్డింగ్ క్లిప్పులు, చింతపల్లి బీచ్‌లో తీసినవి. అడగదు, చెప్పదు, చెత్తబుట్టలోకి కూడా వెళ్లదు ఆ కమాండు. మాయం. కెమెరా కార్డులో కాపీ ఉంది కాబట్టి నేనింకా ఈ ఇంటి అల్లుడి ముందు తలెత్తుకుని తిరుగుతున్నాను.

"నాయనా, నీ పరీక్షలేవో నా పోల్డర్ల జోలికి రాకుండా సేసుకో" అన్నాడు.

అందుకని ఫైళ్లు రాసే చోటు మార్చేశాను. ఆండ్రాయిడ్‌లో ‘డేటా’ కింద ‘లోకల్’ కింద ‘టెంప్’ అని ఒక లోపలి గది ఉంది. ఏడీబీతో తప్ప అక్కడికి వెళ్లలేం, ఫైల్ మేనేజరుకి కనబడదు. ఇంకో లాభం కూడా ఉంది. మనకి కనిపించే ఫోల్డర్లకి మధ్యలో ఫ్యూజ్ అని ఒక పొర అడ్డు ఉంటుంది, లోపలి గదికి అది లేదు. కొలత శుభ్రంగా వస్తుంది.

ఇక అసలు పరీక్ష. 1 జీబీ చొప్పున వరసగా 24 ఫైళ్లు, మొత్తం 24 జీబీ, ప్రతి జీబీకీ వేగం రాసుకుంటూ పోవడం. మొదటి తొమ్మిది జీబీలూ నా ఫోను 460, 470 దగ్గరే నడిచింది. పదోది 210. పదకొండోది 140. అక్కణ్ణుంచి చివరిదాకా 140కి అటూ ఇటూ. బావది ఇరవై జీబీల దాకా 500 దగ్గర నిలబడి, తర్వాత 270కి దిగి అక్కడ ఆగింది.

రెండోసారీ అంతే. ఫ్యాను కింద ఇరవై నిమిషాలు చల్లార్చి మూడోసారి. అంతే.

బావకి ఫోను చేసి చెప్పాను. అర్ధరాత్రి ఒంటిగంటకి. "రేపు మాట్లాడదాం గానీ, హల్వా మాడుగులలోనే కొను, ఇక్కడిది కాదు" అని పెట్టేశాడు.

గురువారం

ఇలా ఎందుకైందో అక్కకి అర్థమయ్యేలా చెప్పమని బావ పట్టుబట్టాడు. అక్కకి చిప్పుల గొడవ పట్టదు, పొలం సంగతి చెబితే ఇట్టే పట్టేస్తుంది.

స్టోరేజి చిప్పు పైకి ఒక్కటిగా కనిపించినా లోపల పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. డై అంటారు. ఒక్కో డై 512 గిగాబిట్లదైతే, అంటే 64 జీబీలదైతే, 128 జీబీకి రెండు కావాలి, 256కి నాలుగు. కంట్రోలరు అన్నిటికీ ఒకేసారి పని పంచుతుంది. మడిలో ఇద్దరు ఉభాలు వేస్తే ఒక పూట పట్టే పని నలుగురు దిగితే సగంలో అవుతుంది కదా, అదే. నా 140కి ఆయన 270 సుమారు రెట్టింపు. చిప్పు విప్పి చూడలేదు గానీ లెక్క ఈ దారిలోనే నడుస్తోంది. 2022లో యాపిల్ ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్ 256 జీబీలో ఒక్క చిప్పే పెట్టడంతో, రెండు చిప్పులున్న 512 జీబీ దానికన్నా బాగా వెనకబడింది. అక్కడా కారణం పని చేసే చేతులు తగ్గడమే. మొన్నటి కేబులు పరీక్ష ఏమిటంటే, నారు కట్టలు మోసుకొచ్చే గట్టు సన్నం. మడిలో ఇద్దరున్నా నలుగురున్నా నారు అందితేగా.

"మరి మొదట్లో రెండూ ఒక్కలాగే ఎందుకు పరిగెత్తినాయి?" అని అక్కే అడిగింది. మంచి ప్రశ్న.

అది కళ్ళం సంగతి. ఇప్పటి చిప్పుల్లో ఒక్కో గడిలో మూడేసి బిట్లు కుక్కుతారు. అలా కుక్కి రాయడం నిదానమైన పని. అందుకని ఖాళీగా ఉన్న జాగాలో కొంత తీసుకుని, గడికి ఒక్క బిట్టే వేస్తూ గబగబా పడేస్తుంది. పంట కోసి ముందు కళ్ళంలో పోసేసినట్టు. తర్వాత తీరుబడిగా బస్తాలకెత్తి గాదెలో సర్దుకుంటుంది. యూఎఫ్‌ఎస్ 2.2లో, 3.1లో దీనికి రైట్‌బూస్టర్ అని పేరు. కళ్ళం నిండిపోతే కొత్తగా వచ్చింది నేరుగా గాదెలోకి మోయాలి, అప్పుడు అసలు వేగం బయటపడుతుంది. నా ఫోను కళ్ళం తొమ్మిది జీబీలు. ఆయనది ఇరవై.

అక్క అంతా విని, "సరే, మీలో ఎవరైనా ఒకేసారి తొమ్మిది జీబీలు ఎప్పుడు రాస్తారు?" అంది.

బావ నోరు తెరిచి మూసేశాడు.

శుక్రవారం

ఆ ప్రశ్నకి జవాబు వెతకడంతోనే రోజు గడిచింది.

ఫోను చేత్తో చేసే పనులు ఒక్కొక్కటీ తీసుకున్నాను. 4కే వీడియో తీస్తే మా ఫోను సెకనుకు 48 మెగాబిట్లు రాస్తుంది, అంటే 6 ఎంబీ. దానికి 140 ఉన్నా 270 ఉన్నా ఒకటే. అమ్మ ఫోనైనా చాలు. ఇంట్లో నెట్ 100 మెగాబిట్ల ప్లాను, నిండా వచ్చినా సెకనుకు 12.5 ఎంబీ. సినిమా డౌన్‌లోడ్ చేస్తే స్టోరేజి ఆవులిస్తూ కూర్చుంటుంది. యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పట్టే టైములో ఎక్కువ భాగం ప్రాసెసరు దాన్ని విప్పి సిద్ధం చేయడానికే పోతుంది.

యాప్‌లు తెరుచుకోవడం సంగతి బావ కెమెరాతోనే తేల్చాం. సెకనుకు 120 ఫ్రేముల్లో రెండు ఫోన్లనీ పక్కపక్కన పెట్టి తీశాం. యాప్ ఫైళ్లు ర్యామ్‌లో మిగిలిపోకుండా ప్రతిసారీ ఫోను రీస్టార్ట్ చేసి యాప్‌ని తెరవడం, ఒక్కో యాప్ పదిసార్లు. ఆ తర్వాత స్టూడియోలో కూర్చుని ఫ్రేములు లెక్కపెట్టడం. వేలు తెరని తాకిన ఫ్రేము ఒకటి, పూర్తిగా తెరుచుకున్న ఫ్రేము ఒకటి, మధ్యలో ఎన్ని. కళ్లు పుండ్లయిపోయాయి. మెసేజింగ్ యాప్‌కి నాది సగటున 97 ఫ్రేములు, ఆయనది 95. కానీ నా ఒక్క ఫోనులోనే ఒకసారికీ ఇంకోసారికీ ఏడెనిమిది ఫ్రేముల తేడా ఉంది. కాబట్టి ఆ రెండు ఫ్రేములకి విలువ లేదు. కెమెరా కూడా అంతే. తెరుచుకోవడమంటే చదవడం. రెండు ఫోన్లూ చదివే వేగం 950 దగ్గర్లోనే ఉంది.

మొదటి రోజు కౌంటరు మీద బావకి కనిపించిన ‘ఓ రవ్వ’ ఆయన వేలు ముందు పడ్డం వల్లే.

నేను గెలిచినట్టే రాసుకుని పడుకోవచ్చు. కానీ రెండూ కొత్త ఫోన్లు, రెండిట్లోనూ జాగా బోలెడు. నా దగ్గరికి రిపేరుకొచ్చే ఫోన్లు ఇలా ఉండవు.

శనివారం, దసరా

పొద్దున్న షాపులో ఆయుధ పూజ. సోల్డరింగ్ ఐరన్‌కి, హాట్ ఎయిర్ గన్‌కి, మైక్రోస్కోప్‌కి కుంకుమ బొట్లు. మా కుర్రాడు డీసీ పవర్ సప్లైకి కూడా గుమ్మడికాయ దిష్టి తీశాడు. షాపు మధ్యాహ్నం దాకే.

తర్వాత కూర్చుని రెండు ఫోన్లలోనూ లోపలి గదిలో 90 జీబీల చెత్త ఫైలు నింపాను. సిస్టమూ యాప్‌లూ ఫోటోలూ పోగా నా ఫోనులో 5 జీబీ మిగిలింది, బావ ఫోనులో 131. ఒకే మనిషి, ఒకే సరుకు, రెండు ఇళ్లు అన్నమాట. అసలు పోల్చాల్సింది ఇదీ అని ఇప్పుడు అనిపిస్తోంది.

నా ఫోను 3 జీబీ రాయమంటే మొదటి జీబీకే 130. రెండోదానికి 75. మూడోదానికి 60. కళ్ళం అనేదే లేదు, ఎందుకంటే కళ్ళానికి ఖాళీ నేల కావాలి. బావది దర్జాగా 490. ముప్ఫై ఫోటోలు గుప్పున కొట్టి గ్యాలరీ తెరిస్తే నా ఫోనులో చక్రం తిరుగుతూనే ఉంది, ఆయనది వెంటనే తెరుచుకుంది. ఒక గేమ్ ఇన్‌స్టాల్ నాకు 48 సెకన్లు, ఆయనకి 29. యాప్‌లు తెరుచుకోవడంలో మాత్రం ఇప్పుడూ పెద్ద తేడా లేదు. చదవడానికి ఖాళీ జాగాతో పని లేదు కదా.

ముచ్చట తీరక బావ ఫోనుని కూడా 5 జీబీ మిగిలేదాకా నింపేశాను. అదీ దిగింది, 120 దగ్గర ఆగింది. చేతులు నాలుగు కాబట్టి నా దాని అంత కూలబడలేదు. ఆయనకి సాయంత్రం నిశ్చితార్థం ఆర్డరు ఉంది. ఫోను శుభ్రం చేసి, ఒకటికి రెండుసార్లు చూసి ఇచ్చేశాను.

ఆదివారం

అమ్మ ఫోను. దీని గురించే ఎక్కువ రాయాలనిపిస్తోంది.

64 జీబీలో 900 ఎంబీ మిగిలింది. కెమెరా తెరవడానికి 7 సెకన్లు. మెసేజ్ టైప్ చేస్తుంటే అక్షరం వేలి వెనక వస్తుంది. ‘అ’ నొక్కి చూస్తూ ఉంటే కాసేపటికి అది, ఏదో గుర్తొచ్చినట్టు, తెర మీదికి వస్తుంది. ర్యామ్ చూశాను, బాగానే ఉంది. 4 కేబీ ముక్కల్ని అక్కడొకటి ఇక్కడొకటి రాయించే పరీక్ష పెట్టాను. ఫోనులో ప్రతి యాపూ తన చిట్టాలని ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసులో రాసుకుంటుంది. ఒక్క మెసేజ్ వచ్చినా అలాంటి చిన్న చిన్న రాతలు చాలా జరుగుతాయి, ప్రతిదీ పూర్తయ్యేదాకా యాప్ ఆగాలి. డబ్బా మీద రాసే పెద్ద అంకె ఎప్పుడూ వరసగా రాసే వేగానిది. చేతికి తెలిసేది ఈ చిల్లర రాతల వేగం. అమ్మ ఫోనులో అది దాదాపు ఆగిపోయి ఉంది.

ఫ్లాష్ మెమరీకి ఒక గుణం ఉంది. రాసేటప్పుడు చిన్న పేజీ చొప్పున రాయొచ్చు, చెరిపేటప్పుడు మాత్రం కొన్ని ఎంబీల బ్లాకు మొత్తం ఒక్కసారే చెరపాలి. ఖాళీ బ్లాకులు లేకపోతే, సగం నిండిన బ్లాకులోంచి బతికున్న పేజీల్ని వేరే చోటికి మోసి, చెరిపి, అప్పుడు కొత్తది రాయాలి. ఒక అక్షరానికి ఇంత సంసారం.

జాగా ఎక్కడికి పోయిందో చూస్తే ‘ఆండ్రాయిడ్’లో ‘మీడియా’లో వాట్సాప్ ఫోల్డరు 24 జీబీ. శుభోదయాలు. తామరపూలు, వినాయకుళ్లు, ఆవిర్లు కక్కే కాఫీ కప్పులు. ఒకే వినాయకుడు పదకొండు గ్రూపుల్లోంచి పదకొండుసార్లు. పెద్దమ్మ ఒక్కరే పంపినవి 3 జీబీ.

"తీసీకు నాయినా, దేవుడి పటాలు" అంది అమ్మ.

అరగంట బేరమాడాక దేవుడికొకటి చొప్పున ఉంచి మిగతావి తీసేయడానికి ఒప్పుకుంది. మనవల వీడియోలు నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. మొత్తం 22 జీబీ ఖాళీ అయింది. అయినా వెంటనే పెద్ద మార్పు లేదు, కెమెరాకి 5 సెకన్లు. రాత్రి ఛార్జింగ్‌కి పెట్టి ముట్టుకోవద్దని చెప్పి పడుకున్నాను. ఫైలు తీసేస్తే ఫోను దాని పేరు మాత్రమే కొట్టేస్తుంది. ఆ జాగా నిజంగా ఖాళీ అని చిప్పుకి చెప్పే పనిని ట్రిమ్ అంటారు. ఆండ్రాయిడ్ 4.3 నుంచీ, అంటే 2013 నుంచీ, ఫోను ఊరికే ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు అదే చేసుకుంటుంది.

సోమవారం, తొలేళ్లు (సిరిమానుకి ముందురోజు వేడుక)

అమ్మ ఫోను కెమెరా 2 సెకన్లు. నేను అంకె చెప్పకముందే అమ్మ "ఏటి సేసినావు దీనికి?" అంది.

గడియారం లేకుండా చేతికి తెలిసిన తేడా ఈ ప్రాజెక్టు మొత్తంలో ఇదొక్కటే. అక్క అది నోట్ చేసుకుంది.

పందెం తీర్పు వాయిదా. రాత్రి తొలేళ్ల సందడిలో ఎవరికీ తీరిక లేదు. నేనూ ఘటాలు వస్తుంటే పది నిమిషాలు 4కేలో తీశాను.

మంగళవారం, సిరిమాను

మూడు లాంతర్ల కూడలి దగ్గర ఇసకేస్తే రాలని జనం. అమ్మా, అక్కా, బావా, నేనూ మేడ మెట్ల మీద చోటు పట్టుకున్నాం. మా షాపు షట్టరు అక్కణ్ణుంచి కనబడుతూనే ఉంది, కానీ ఈ జనంలో అక్కడికి చేరాలంటే రేపవుతుంది.

అమ్మవారి చదురుగుడి ముందు నుంచి సిరిమాను కదిలింది. ఆ పొడుగాటి మాను చివర కుర్చీలో పూజారి, కింద నుంచి అరటిపళ్లు ఎగురుతున్నాయి. కోట దాకా వెళ్లి రావడం మూడుసార్లు. మొదటిసారి మా ముందుకి రాగానే ముగ్గురం ఫోన్లు ఎత్తాం. నేను రికార్డు నొక్కాను. నాలుగు సెకన్లు తిరిగి ఆగిపోయింది. ‘స్టోరేజి నిండిపోయింది’ అని తెర మీద మాట.

రాత్రి తొలేళ్ల వీడియో 3.6 జీబీ తినేసింది, అది నాకు తెలుసు. మిగతాది ఎక్కడికి పోయిందని ఫైల్ మేనేజరు తెరిచాను. ఫోటోలు కొన్ని, యాప్‌లు కొన్ని. సిస్టమ్ అన్న గీత మాత్రం 110 జీబీ. అప్పుడు వెలిగింది. శనివారం బావ ఫోను శుభ్రం చేశాను. నాది చేయలేదు. ఆ 90 జీబీల చెత్త లోపలి గదిలోనే ఉంది. ఫైల్ మేనేజరుకి కనబడదు, ఏడీబీ లేకుండా పోదు. ల్యాప్‌టాప్ ఎదురుగా ఆ షట్టరు వెనకాల ఉంది.

బావ ఫోను దించకుండానే అడిగాడు. "256 అయితే ఇలగయ్యేదేటి బామ్మర్దీ?"

అక్క తీర్పు చెప్పేసింది. స్పీడులో తేడా ఉందన్నది నిజమే గానీ కొత్త ఫోన్లలో చేతికి తెలియలేదు కాబట్టి ఆ సగం నాది. నిండిన ఫోనులో తెలిసింది కాబట్టి ఆ సగం బావది. కిలోని సగం చేస్తానంది. బావ ఒప్పుకోలేదు. నా నాలుగు సెకన్ల వీడియోని సాక్ష్యంగా చూపించి మొత్తం కిలో రాయించుకున్నాడు.

మూడు తిరుగుళ్లూ వణుకు లేకుండా తీసింది అమ్మే. ఆ నాలుగేళ్ల 64 జీబీ ఫోనుతో. ఇంటికొచ్చాక ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. అందరూ దణ్ణాలు పెడుతున్నారు. నేను నొక్కితే డౌన్‌లోడ్ అవడం లేదు, జాగా లేదట.